బండిని నిద్రపోనివ్వని ఇల్లు

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నవాళ్ళు నాన్న, అమ్మ, నానమ్మ, బాబాయి, అక్క, నేను. బాబాయికి ఇంకా పెళ్ళి కాలేదు కాబట్టి ఆయన్ని అర మనిషిగానే లెక్కెయ్యాలని నానమ్మ అంటుంది. వాకిట్లో అక్క కారు కూడా ఉంది. దాన్ని మనుషుల్లో కలపాలో లేదో తెలియదు గానీ, ఆ వారమంతా ఇంట్లో అందరూ దాని గురించి ఒంట్లో బాగాలేని మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడారు.

"రాత్రి ఎలా ఉందే?"

"ఏమో, పొద్దున బాగానే లేచింది."

"పాపం, నిన్న సాయంత్రం మళ్ళీ టకటకమంది."

అది కరెంటు కారు. బటన్ నొక్కితే ఒక్కసారి 'టక్' అని లేవాలి. కొన్నాళ్ళుగా అలా లేవడం లేదు. చలికి పళ్ళు కొరుక్కున్నట్టు టకటకటకమని, దీపాలు మిణుకుమని, చల్లబడిపోతోంది.

అక్క చెవుల పరీక్షలు చేస్తుంది. పల్లెల్లో బడులకి వెళ్ళి, పిల్లల చెవులకి మెషిన్ తగిలించి, వినపడితే చెయ్యెత్తమంటుంది. మెషిన్లన్నీ కారులోనే తిరుగుతాయి. కారు లేకపోతే ఆ ఉద్యోగం లేదు. మొన్న ఒక బడి దగ్గర, అంతకు ముందు ఇంకో బడి దగ్గర సాయంత్రంపూట కారు మొరాయించింది. రెండోసారి నాన్న ఖరాఖండిగా చెప్పేశాడు.

"ఇంకొక్కసారి ఆగితే అమ్మేద్దాం. పట్నంలో ఆసుపత్రి గదిలో కూర్చుని చేసే పనేదో చూసుకో. దారిలో చీకట్లో నిలబడే ఉద్యోగం మనకొద్దు."

అక్క ఆ పూట అన్నం తినలేదు. గదిలో కూర్చునే పని దొరికినా, తను వెళ్ళే బడుల్లో పిల్లలు ఒక్కరు కూడా ఆ గదిదాకా రాలేరని అక్క బాధ.

అందుకే ఆ ఆదివారం టకటకని మళ్ళీ పిలిపించింది. టకటక అంటే కారు కంపెనీ మెకానిక్. ఆ పేరు నానమ్మ పెట్టింది. తప్పు అక్కదే.

మొదటిసారి కారు ఆగినప్పుడు అక్క సర్వీస్ నంబర్‌కి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"శబ్దం ఎలా వస్తోందండీ?" అన్నాడు అవతలి మనిషి.

"టక టక అని."

"ఒక టకా, చాలా టకలా?"

"చాలా."

"ఆగి ఆగా, గుక్క తిప్పుకోకుండానా? కొంచెం చేసి చూపిస్తారా మేడమ్? దాన్నిబట్టి ఏ సామాను తేవాలో తెలుస్తుంది."

అక్క అటూ ఇటూ చూసి, నాలుకతో టకటకలాడించింది.

"ఇంకొంచెం గట్టిగా అండి."

మళ్ళీ చేసింది. ఈసారి ఫోన్‌లో నలుగురైదుగురు నవ్వారు.

మర్నాడు అతను సామానుతో వచ్చి వాకిట్లో నిలబడగానే అక్క అడిగిన మొదటి మాట, "స్పీకర్‌లో పెట్టారా?"

"పెట్టానండి. మా షెడ్డులో కుర్రాళ్ళకి నేర్పిద్దామని. బండి రోగాన్ని ఇంత చక్కగా పలికినవాళ్ళు ఇంతవరకూ లేరు."

"నేను చెవుల పరీక్షలు చేసే మనిషిని. నాకు శబ్దాలు బాగా తెలుసు."

"తెలుస్తూనే ఉందండి. చిన్న బ్యాటరీ పోయిందని మీ నాలుక చెప్పేసింది."

అక్క కోపంగా చూద్దామనుకుంది గానీ కుదరలేదు. మొహం తిప్పుకుంది. అప్పుడే నానమ్మ కిటికీలోంచి నన్ను పిలిచి, "ఆ టకటక అబ్బాయికి మంచినీళ్ళు ఇయ్యి" అంది.

కారుకి రెండు బ్యాటరీలని అప్పుడే తెలిసింది. పెద్దది బండిని నడుపుతుంది. చిన్నది దాన్ని నిద్ర లేపుతుంది. చిన్నదాంట్లో సత్తువ లేకపోతే పెద్దదానికి తలుపు తియ్యలేక టకటకమని కొట్టుకుంటుందట. అతను చిన్న బ్యాటరీ కొత్తది వేశాడు. అయినా మొన్న మళ్ళీ ఆగింది. అదీ సంగతి.

ఆదివారం అతను వస్తూనే బాబాయి ఎదురెళ్ళాడు.

"ఏం బాబూ, నువ్వు బాగుచేసేది బండినా, నువ్వు మా ఇంటికి వచ్చే దారినా?"

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. "ఈసారి కనిపెట్టకుండా పోను సార్."

"అంటే రాత్రికి ఇక్కడే పడక వెయ్యమంటావా?"

"బాబాయ్!" అంది అక్క లోపల్నుంచి.

అతను సర్దుకుని అసలు సంగతి చెప్పాడు. "ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బండికి ఏమీ కావడం లేదు. బడి దగ్గర పగలంతా తాళం వేసి వదిలితేనే సాయంత్రానికి చచ్చిపోతోంది. కాబట్టి అక్కడే పెట్టి చూడాలి. ఊరి చివర బడి దాకా తీసుకెళ్తాను. మేడమ్ కూడా వస్తే..."

"మేడమ్ ఎందుకు?" అంది అమ్మ.

"శబ్దం పట్టే చెవులు వాళ్ళవి కదండీ."

నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండా, "వెళ్ళనీ. నాదేముంది, నాకేం భయం లేదు" అన్నాడు. భయం ఉందా అని ఎవరూ అడగలేదు.

నానమ్మ నా వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది. "దీన్ని తోడు తీసుకెళ్ళండి. ఉన్నట్టే ఉండదు, పాపం."

బడి వరండా ముందు కారు ఆపి తాళం వేశాం. సెలవు రోజు కాబట్టి చుట్టుపక్కల పురుగు కూడా లేదు. మబ్బు పట్టి ఉంది. మెట్ల మీద ఈ చివర అతను, ఆ చివర అక్క, మధ్యలో నేను.

"కాసేపటికి బండి నిద్రపోతుంది. తర్వాత అది ఎందుకు లేస్తోందో వినాలి. మాట్లాడకూడదు" అన్నాడు.

"మీరుండగలరా?" అంది అక్క.

అతను పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. అక్క మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కారు వైపు చూడసాగింది. అతను కారు వైపు చూడాల్సినవాడు, కారు అద్దంలో కనిపిస్తున్న అక్కని చూశాడు. నేను మధ్యలో ఉన్నాను కాబట్టి నాకు రెండూ కనిపించాయి.

"టక్ అంది" అంది అక్క ఉన్నట్టుండి.

"నాకు వినపడలేదే!"

"రేపు రండి, మీ చెవులు చూస్తాను."

"చూస్తే ఏముంటుందండీ? ఈ వారమంతా మీరు నాలుకతో చేసిన టకటకే ఉంది అందులో."

అక్క నవ్వు ఆపుకోవడానికి బడి ముందున్న చెట్టు వైపు తిరిగింది. చినుకులు మొదలయ్యాయి. కారు మళ్ళీ టక్ అంది. ఈసారి నాకూ వినపడింది. ఇంకాసేపటికి మళ్ళీ. తర్వాత వెంట వెంటనే రెండు. అతని మొహంలో ఆట పోయి పని వచ్చింది.

"ఎవరో దీన్ని నిద్ర లేపుతున్నారండి."

"నిద్ర లేపడమేమిటి?"

"ఫోన్‌లో ఈ బండి యాప్ తెరిచి ఎక్కడుందో చూస్తే చాలు, ఇది లేచి జవాబు చెప్పాలి. లేచినప్పుడల్లా చిన్న బ్యాటరీ కొంచెం కొంచెం ఖర్చయిపోతుంది. పగలంతా ఇలా లేపితే సాయంత్రానికి ఏం మిగులుతుంది? మీ యాప్ ఎవరెవరి దగ్గరుంది?"

"నా ఒక్కదాని దగ్గరే. నా ఫోన్ సంచిలో ఉంది."

"ఇంట్లో ఎవరైనా..."

"మా ఇంట్లోనా?" అక్క గొంతు గర్వంగా మారింది. "ఉద్యోగంలో చేరేటప్పుడే చెప్పేశాను, ఎక్కడున్నావు, ఎప్పుడొస్తావు అని గంటగంటకీ ఫోన్ చేస్తే నేను పని చెయ్యలేనని. నలుగురూ మాటిచ్చారు. ఇవాళ్టి దాకా ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చెయ్యలేదు తెలుసా? మా నాన్న సంగతి మీకు తెలియదు, నేను వీధి మలుపు దాటితే ఆయనకి ఊపిరాడేది కాదు. అలాంటి మనిషి నన్ను నమ్మి వదిలేశాడు. అలసిపోయినప్పుడు ఆ సంగతి తల్చుకునే స్టీరింగ్ పట్టుకుంటాను."

అప్పుడు కారు అరిచింది.

లోపల ఎవరూ లేరు. తాళం వేసి ఉంది. అయినా లైట్లు వెలిగి ఆరుతూ, హారన్ బడి గోడలు అదిరేలా మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. అక్క వానలోకి పరుగెత్తింది.

అతను నా వైపు వంగాడు. నాకు తెలియనివాళ్ళతో మాట్లాడాలంటే గొంతు పెగలదు.

"చిన్న మేడమ్, మీ ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా చిన్న నీలం కారు బొమ్మ చూశారా?"

నాన్న ఫోన్‌లో చూశాను. ఆట అనుకున్నాను. అమ్మ కూడా వంటింట్లో దాన్నే చూస్తూ ఉంటే, అమ్మకీ ఆ ఆట నచ్చిందనుకున్నాను. నేను ఏమీ అనలేదు గానీ, తల దానంతటదే ఊగింది.

"నాన్నగారా?"

మళ్ళీ ఊగింది.

అతను కళ్ళు మూసుకుని, "చచ్చాం" అన్నాడు మెల్లగా. తర్వాత నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. ఈసారి ఆటకి కాదు.

అక్క తడిసి తిరిగొచ్చింది. రావడం రావడమే అతని చేతిలో ఉన్న ఫోన్ మీద చూపు పడింది.

"ఎవరో తెలిసిందా?"

"లేదండి. బహుశా లోపల ఏదో తేడా..."

"గొంతు మారింది మీకు. నా పనే గొంతులు, చెవులు. నిజం చెప్పండి." అక్క ఒక మెట్టు ఎక్కింది. "పోయినసారి సరిచూస్తానని నా ఫోన్ తీసుకుని ఈ యాప్ తెరిచారు. అప్పుడే మీ ఫోన్‌లోనూ పెట్టుకున్నారా? నేనెక్కడ తిరుగుతున్నానో మీరే చూస్తున్నారా?"

అతను నన్ను చూశాడు. కారుని చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"అవునండి. నేనే."

అక్కకి ఒక్కసారిగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమొస్తే అక్కకి ముందు నీళ్ళే వస్తాయి.

"బండెక్కండి. ఇంటికెళ్ళి మీ సామాను తీసుకుని దయచెయ్యండి. రేపు మీ కంపెనీతో నేను మాట్లాడతాను."

కారు రెండుసార్లు టకటకలాడి మూడోసారికి లేచింది. వెనక సీట్లో నా పక్కన కూర్చున్న అతను కిటికీ అద్దం మీద జారే చినుకుల్ని చూస్తూ ఉన్నాడు. అలా ఒప్పుకున్నవాడి మీద కంపెనీలో ఏం చర్య తీసుకుంటారో నాకు తెలియదు. ఉద్యోగం ఉంచరని మాత్రం తెలుసు.

ఇంట్లో అందరూ వరండాలోనే ఉన్నారు. ఒక్కళ్ళు కూడా ఎదురుచూస్తున్నట్టు లేరు. అలా కనిపించకుండా ఉండడానికి బాగా కష్టపడుతున్నట్టు ఉన్నారు. బాబాయి పట్టుకున్న పేపర్ తలకిందులుగా ఉంది.

"దొరికింది దొంగ" అంది అక్క. "ఇతనే. నా బండి ఎక్కడుందో పగలంతా ఫోన్‌లో చూస్తున్నాడు. అందుకే బ్యాటరీ చచ్చిపోతోంది. స్వయంగా ఒప్పుకున్నాడు."

నాన్న చెయ్యి చొక్కా జేబు మీదకి వెళ్ళింది. అమ్మ కొంగు సర్దుకుంది. టకటక వంగి తన సంచి సర్దుకుంటున్నాడు, ఎవరి మొహంలోకీ చూడకుండా.

ఇంత మంది ముందు నేనెప్పుడూ నోరెత్తలేదు. అయినా మాట వచ్చేసింది.

"ఆయన రాకముందే బండి ఆగింది కదక్కా."

అందరూ నా వైపు తిరిగారు.

"ఆయన యాప్ చూసింది బండి ఆగిన తర్వాత. మరి మొదటిసారి ఎందుకు ఆగింది?"

అక్క అతని వైపు తిరిగింది. అతను సంచి జిప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

నాన్న లేచి నిలబడ్డాడు. జేబులోంచి ఫోన్ తీసి అరుగు మీద పెట్టాడు.

"నేనేనమ్మా."

"నాన్నా!"

"ఫోన్ చెయ్యనని మాటిచ్చాను. చెయ్యలేదు. చూడనని మాటివ్వలేదు."

"పాస్‌వర్డ్?"

"ఇంట్లో ఇంటర్నెట్‌దీ అదేగా."

అమ్మ నిట్టూర్చి నాన్న ఫోన్ పక్కన తన ఫోన్ పెట్టింది. నాన్న నోరెళ్ళబెట్టాడు. "నువ్వు కూడానా?"

"మీరొక్కరే కన్నారా?" అని అక్క వైపు తిరిగింది. "నువ్వు బడి నుంచి బయలుదేరావని చూసే పొయ్యి వెలిగించేదాన్ని. ఎప్పుడొచ్చినా అన్నం పొగలు కక్కుతూ ఉండేది ఎలాగనుకున్నావు?"

బాబాయి పేపర్ మడిచాడు. "చూసేది నేనొక్కణ్ణే అనుకున్నా. వదినకి చెప్తే తిడుతుందని..." మూడో ఫోన్ వచ్చి చేరింది.

ఇప్పుడు అందరూ నానమ్మని చూశారు.

"నన్ను చూస్తారేం? నాకు కళ్ళే ఆనవు" అంది నానమ్మ. కొంగు ముడి తడుముకుంటూ, "ఆ హారన్ మాత్రం చెయ్యి తగిలి మోగింది. బొమ్మ పెద్దది చేద్దామనుకున్నాను. మళ్ళీ నొక్కితే ఆగుతుందేమోనని నొక్కాను" అంది.

బాబాయి ముందు నవ్వాడు. తర్వాత అమ్మ. నాన్న నవ్వలేదు. అక్క దగ్గరికి వెళ్ళాడు.

"బండి ఎక్కడైనా ఆగుతుందేమోనని భయపడి చూశాను. చూసినకొద్దీ ఆగింది. ఆగేది బండి వల్ల కాదు, నా వల్లేనన్నమాట. అమ్మే మాట ఇక ఎత్తను. నువ్వు చేసే పని మానెయ్యమనే హక్కు నాకు లేదమ్మా."

అక్క అరుస్తుందనుకున్నాం. అరవలేదు. మూడు ఫోన్లనీ, నానమ్మ కొంగులోంచి నాలుగోదాన్నీ తీసుకుని, నీలం కారు బొమ్మల్ని ఒకదాని తర్వాత ఒకటి తీసేసింది. ఆఖరి ఫోన్ నాన్న చేతిలో పెడుతూ, "బయలుదేరేటప్పుడు నేనే ఒక మెసేజ్ పెడతాను. అడగకుండా పెడతాను. చాలా?" అంది.

నాన్న తల ఊపాడు.

"చాలు గానీ, పొయ్యి ఎప్పుడు వెలిగించాలో కూడా అందులో రాయి" అంది అమ్మ.

అప్పటికి టకటక గేటు దగ్గర తన బైక్ సీటు తుడుచుకుంటున్నాడు. వాన తగ్గి తుంపర పడుతోంది. అక్క గొడుగు తియ్యడం మర్చిపోయి వెళ్ళింది. నేను గొడుగు తీసుకుని వెనకాల వెళ్ళాను.

"ఎందుకు ఒప్పుకున్నారు?"

"మీరు అంత గొప్పగా చెప్పుకున్నారు కదండీ, నాన్న నన్ను నమ్మి వదిలేశాడని. బ్యాటరీ మార్చగలను గానీ ఆ నమ్మకం పోతే ఎక్కణ్ణుంచి తెస్తాను?"

"ఉద్యోగం పోయేది."

"పోతే మీ దగ్గర చెవులకి మెషిన్లు తగిలించే పని ఇస్తారేమో అడుగుదామనుకున్నాను."

అక్క నవ్వలేదు. "నిజంగా మీ దగ్గర ఆ యాప్ లేదా?"

"లేదండి. ఉంటే బాగుండేదే. వాన పడినప్పుడల్లా సర్వీస్ ఫోన్ పక్కనే కూర్చుంటున్నాను, మీ బండి ఎక్కడైనా ఆగిందేమోనని. మావాళ్ళు నవ్వుతున్నారు."

"అంటే నా బండి ఆగాలని కోరుకుంటున్నారా?"

"ఆగకూడదనే. ఆగితే మాత్రం ఆ ఫోన్ నేనే ఎత్తాలని."

అక్క పాదం బొటనవేలితో తడిమట్టి మీద గీతలు గీసింది. నేను గొడుగు ఎవరి మీద పట్టాలో తెలియక మధ్యలో పట్టుకుంటే, ఇద్దరూ తడిశారు, నేను తప్ప.

"దారిలో చిన్న బ్యాటరీ నిండి ఉంటుంది. ఒకసారి బటన్ నొక్కి చూడండి" అన్నాడు అతను.

అక్క కారులో కూర్చుని నొక్కింది.

టక్.

ఒక్కటంటే ఒక్కటి. వరండాలో బాబాయి చప్పట్లు కొట్టాడు. నానమ్మ, "అయ్యో, బాగైపోయిందా? ఇక ఆ అబ్బాయి రాడా?" అంది, అందరికీ వినపడేలా.

నాన్న ఆ మాటకి కోప్పడతాడని చూశాను. పేపర్ తిరగేస్తూ, "రావాలనుకున్నవాడికి బండే చెడాలా ఏం?" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

ఆ మాటకి అతనికి ధైర్యం వచ్చింది. కారు కిటికీ దగ్గరికి వంగాడు. "ఇక మీ బండి ఆగదు. మరి నేను ఏం చెప్పుకుని రావాలండీ?"

అక్క ముందుకే చూస్తూ, "నడిపి చూడకుండా బాగైందని ఎలా చెప్తారు? ఎక్కండి. దారిలో చెప్తాను" అంది.

అతను అటువైపు నుంచి ఎక్కాడు. ఏం చెప్తుందో వినాలని నాకు ప్రాణం లాగింది. గబగబా గొడుగు ముడిచి, వెనక తలుపు తెరిచి, ఒక కాలు లోపల పెట్టాను.

"నువ్వెక్కడికే?" అంది అక్క.

"తోడు. నానమ్మ చెప్పిందిగా."

"అది పొద్దున. దిగు."

దిగాను. అక్క సీట్లోంచే వెనక్కి వంగి, చెయ్యి చాపి, తన చెవులు ఎర్రబడడం నేను చూసేలోగా తలుపు లాగేసింది.